నేను పూడ్చేసిన పదకొండు గాట్లు

మా జగిత్యాల దిక్కు దుబాయ్ అంటే మొత్తం గల్ఫే. ముప్పై ఏళ్లు అక్కడ ప్లాస్టరింగ్ పని చేసి వచ్చానని తెలియగానే పిల్లలు అడిగేది ఒకటే: కాకా, నువ్వు కట్టినవాటిల్లో పెద్దది ఏది? వాళ్లు వినాలనుకునేది మబ్బుల్లోకి పోయే టవర్ గురించి. నేను చెప్పేది ఫ్రాన్సులోని ఒక చిన్న ఊరి గురించి. దాంతో సగంమంది ఫోన్లు తీస్తారు. మిగిలిన సగంమంది కోసం ఇది రాస్తున్నాను. మీలో రేపు తాపీ పట్టుకుని విమానం ఎక్కేవాళ్లుంటే, నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఒకవేళ చేసినా మరీ దిగులుపడకండి.

కరోనా మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగిన రోజులవి. అబూదాబీ పక్కన సముద్రంలోంచి లోపలికి ఒక కాలువ తవ్వారు. దాని గట్టున, ఫ్రాన్సులో ఏటి ఒడ్డునున్న ఒక పాత ఊరిని ఉన్నదున్నట్టు కట్టాలని ఓనర్ల కోరిక. ఇళ్ల కింద దుకాణాలు, పైన హోటల్ గదులు. గోడల పూత, రాతి పని మా కంపెనీకి వచ్చాయి. పూత పనికి నేను ఫోర్మన్‌ని.

ఆ ఊరి పేరు రాయడం లేదు. చూసి రాయడం వచ్చు గానీ పలకడం నాకు రాదు. వాళ్ల భాషలో పేరుకు పది అక్షరాలుంటే నాలుగే పనిచేస్తాయి, మిగతావి ఊరికే నిలబడి చూస్తుంటాయి. మా సైట్లో మనుషుల సంగతీ అంతే కాబట్టి ఆ ఊరు మాకు మొదటి రోజే దగ్గరిదైపోయింది. మాలో మేము దాన్ని ఏటూరు అనుకునేవాళ్లం.

పని పాతగా కనబడుతున్నదో లేదో చూడటానికి ఆ ఊళ్లోనే పుట్టిన ఒక ఫ్రెంచ్ ఆవిడను పిలిపించారు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, మా అందరికంటే మంచి సేఫ్టీ బూట్లు. పాత కట్టడాలు బాగుచేయడమే ఆమె జన్మంతా చేసిన పని. మేము ఏం చూపించినా "ఓల్డ్. మోర్ ఓల్డ్" అనేది. దాంతో మావాళ్లు ఆమెకు పాత మేడం అని పేరు పెట్టారు. తన వయసు చూసి పెట్టామనుకుని రెండు రోజులు ముఖం ముడుచుకుంది. అసలు సంగతి తెలిశాక తన హెల్మెట్ మీద ఆ మాటే తెలుగులో రాయించుకుంది.

రాసిచ్చింది రాయచోటి భాయ్. అతను వడ్రంగుల ఫోర్మన్, నాకంటే ఐదేళ్లు చిన్న, నన్ను అన్నా అనేవాడు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఒకే వేగంతో మాట్లాడేవాడు. మేడం మాటలు మాకు, మా మాటలు మేడానికి చేరవేసేది అతనే. అటు పోయేటప్పుడు మా మాటలకు కొంచెం మర్యాద కలిసేది. ఇటు వచ్చేటప్పుడు ఆమె మాటలకు కొంచెం మసాలా.

మొదటి తంటా గోడ దగ్గరే వచ్చింది. ఆ ఊళ్లో ఇళ్లు నిటారుగా ఉండవు. కట్టెల చట్రాలు వేసి మధ్యలో మట్టి కూరిన ఇళ్లు. నాలుగైదు వందల ఏళ్లలో కట్టె వంగి, నేల కుంగి, ఒకదాని భుజం మీద ఒకటి తల వాల్చాయి. పై అంతస్తు కింది దానికంటే ముందుకొచ్చి వీధిలోకి తొంగిచూస్తుంది. పన్ను నేలకు కొలిచి వేసేవాళ్లు కాబట్టి పైన పెంచుకున్నారని గైడ్లు చెబుతారట. అది గైడ్ల కోసం పుట్టిన కథ అని మేడం కొట్టిపారేసింది.

నేను నమూనా గోడ ఒకటి పూసి చూపించాను. మేడం చూసి, చాలా అందంగా ఉంది, తీసేయండి అన్నది. రెండోది పూశాను. అదీ అంతే. మూడోసారి వంకరగా పూయాలని గట్టిగా అనుకునే మొదలుపెట్టాను. పూర్తయ్యాక తూకం గుండు వేలాడదీసి చూస్తే గోడ నిట్టనిలువుగా ఉంది. ముప్పై ఏళ్లు వంకర పోయిన ప్రతిసారీ తిట్లు తిన్న చెయ్యి, ఇప్పుడు వంకర పొమ్మంటే ఎట్లా పోతుంది?

"అన్నా, నీ చెయ్యి నీ మాట వినేటట్లు లేదు. రెండోదాన్ని అడుగు" అన్నాడు భాయ్.

ఎగతాళికే అన్నాడు. నేను మాత్రం తాపీ ఎడమచేతిలోకి మార్చాను. నాలుగో గోడ చూసి మేడం దాని చెంప నిమిరింది. ఆ వారమంతా నా గ్యాంగులో పద్దెనిమిది మంది మేస్త్రీలు ఎడమచేత్తో పనిచేశారు. అటుగా వచ్చిన ముదీర్, అంటే మా ప్రాజెక్టు మేనేజరు, మిస్రీ, అంటే ఈజిప్టు మనిషి, చూసి వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పనిచేయకూడదని అక్కడ చట్టం. ఆ రెండున్నర గంటలు షెడ్డులో కూలర్ ముందు కూర్చునేవాళ్లం. మేడం ఆఫీసు ఏసీ వదిలేసి మా దగ్గరికి వచ్చేది. మా కడక్ చాయ్ తాగుతూ ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ ఊరి సంగతులు చెప్పేది. రాజుల గురించి అడిగితే ఒకాయన దారి తప్పి వచ్చి ఒక రాత్రి పడుకుని పోయాడట, అంతే. ఆ మంచం ఇంకా దాచారు. మంచం చూడటానికి టికెట్ కూడా ఉంది.

వంతెనకు ఏడు కమానులు. మధ్యది మాత్రం రంగు వేరు. యుద్ధంలో వెనక్కి పోతూ వాళ్ల సైన్యమే దాన్ని పేల్చేసింది, తర్వాత వేరే గనిలోంచి రాయి తెచ్చి కట్టారు. చర్చి గడియారం ఎప్పుడూ ఆరు నిమిషాలు వెనక నడుస్తుంది. ఒకసారి పట్నం నుంచి మనిషి వచ్చి సరిచేస్తే ఊరంతా పనులకు ఆలస్యమైపోయిందని గొడవ చేసి మళ్లీ వెనక్కి తిప్పించుకున్నారు. కింది వాడలో తోళ్లు శుద్ధిచేసేవాళ్లు ఉండేవాళ్లు. ఆ వాసనకు డబ్బున్నవాళ్లు ఎగువకు పోయి ఇళ్లు కట్టుకున్నారు. ఏరు పొంగినప్పుడు ముందు మునిగింది ఎవరి వాడ అని నేను అడిగాను. ఆమె నా వైపు చూసి, అన్ని దేశాల్లోనూ ఏటికి ఈ సంగతి తెలుసు అన్నది. ఇది భాయ్ కలిపిన మసాలానో, ఆమె నిజంగానే అన్నదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

వంతెన పక్కన గట్టు మలుపు తిరిగే చోట నిలువెత్తు మూల రాళ్లు కొన్ని పెట్టాలి. అవి అక్కడే పోతపోసినవి కావు. అసలు ఊళ్లో అసలు రాళ్లకు అచ్చు తీయించి మేడం తెప్పించింది. ఐకాడ్ అని అబూదాబీ ఫ్యాక్టరీల పేట, అక్కడి ఒక వర్క్‌షాపులో ఆ అచ్చుతో పోత పోశారు. ట్రైలర్ మీద వచ్చిన రాళ్లు క్రేనుతో దించి నిలబెట్టాక నేను దగ్గరికి పోయి చూశాను. అంచుల మీద గాట్లున్నాయి. చూపుడు వేలు పట్టేంత వెడల్పు, కొన్ని రెండు వేళ్ల లోతు. లెక్కపెడితే పదకొండు. దారిలో గొలుసులు కోసుకుపోయాయని అనుకున్నాను. డ్రాయింగులో వాటి సంగతి ఉంది. కానీ నేను గీతలు చదవగలను గానీ, గీతల పక్కన చీమల్లా రాసిన ఇంగ్లీషు చదవలేను. ఎవరినైనా అడగవచ్చు కదా అంటారు మీరు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు అడుగుతాడా?

మేడం ఆ రెండు రోజులూ దుబాయ్‌లో మీటింగులో ఉంది. ఆమె వచ్చేలోగా పని నీటుగా కనబడాలని నేనే దగ్గరుండి పూడ్పించాను. జిగురు మందు కలిపిన ఇసుక సిమెంటు మసాలా, రంగు కలిపిన సిమెంటు, పైన సన్న ఇసుకతో రుద్దుడు. నా జీవితంలో అంత మంచి మరమ్మతు మళ్లీ చేయలేదు. అతుకు ఎక్కడుందో మర్నాడు నాకే కనబడలేదు.

మేడం వచ్చి ఆ మూలకు పోయింది. అరచేత్తో రాయి తడిమింది. అటుపక్కకు పోయి తడిమింది. వేరే రాయి దగ్గరికి వచ్చాననుకుని నాలుగడుగులు వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. అప్పుడు నేను ఎదురుపోయి చెప్పాను, అదీ ఎంత గర్వంగా: "మేడం, అన్నీ పూడ్చేసినం. చూస్తే తెల్వదు."

భాయ్ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పబోయి, ఆమె ముఖం చూసి సగంలో ఆపేశాడు. చెప్పనక్కరలేకపోయింది. ఆమె పక్కనున్న సిమెంటు బస్తాల మీద కూర్చుంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

నెమ్మదిగా చెప్పింది. రైలు రాకముందు ఆ ఏట్లో వైను పీపాలు, ధాన్యం, కట్టెలు పడవల మీద వచ్చేవి. ఏటికి ఎదురు పోవాలంటే గట్టు మీద నడుస్తూ మనుషులు పడవను తాళ్లతో లాగాలి. వంతెన దగ్గర మలుపులో తాడు ఆ మూల రాళ్లను ఒరుసుకుంటూ పోయేది. తరాల తరబడి ఒరిసి ఆ గాట్లు పడ్డాయి. ఆమె తాతకు తాత ఆ తాళ్లు లాగినవాడు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు, సమాధి ఎక్కడో తెలియదు. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ ఆమె వేలు పట్టుకుని ఒక గాట్లో పెట్టి, మనవాళ్లు చేసింది ఇదొక్కటే ఉంది అని చెప్పిందట.

తమ్ముళ్లూ, మా ఇంటి వెనక చేదబావి ఉండేది. గిలక లేదు. మా అమ్మ, వాళ్ల అత్త, ఆమె అత్త తోడితోడి గట్టు రాతి మీద అచ్చం ఇట్లాంటి గాట్లే పడ్డాయి. ఆ రాయి మీద కూర్చుని నేను పళ్లు తోముకుంటూ పెరిగాను. అయినా ట్రైలర్ మీద వచ్చిన రాతిలో గాటు కనబడగానే నాకు తోచింది డ్యామేజ్ అని. నన్ను నేను తిట్టుకోవడానికి ఆ రోజు మూడు భాషలు చాలలేదు.

అప్పగింతకు నాలుగు రోజులుంది. ఓనర్లు చూడటానికి వస్తారు. మేడం సంతకం లేకపోతే వాళ్లు తీసుకోరు. అచ్చు ఒక్కసారి వాడేది, వర్క్‌షాపు వాళ్లు అప్పటికే పారేశారు. ముదీర్ నన్ను పిలిచి, గొంతు పెంచకుండా, నీ సర్వీసులో ఇదే మొదటిదా అని అడిగాడు. అవునన్నాను. ఇంత పెద్దదాంతో మొదలుపెట్టాలా అన్నాడు.

పగలగొట్టి తీద్దామని ఒక చోట ఉలి పెట్టి చూశాం. నా జిగురు మందు అంత గట్టిది, మసాలాతో పాటు రాతి అంచు కూడా ఊడివస్తున్నది. వెంటనే ఆపేశాం. పనికిరాని ముక్క మీద గ్రైండరు పెట్టి చూశాం. రంపంతో కోసినట్టు పడింది గాటు. మేడం తల అడ్డంగా ఊపింది.

ఆ మధ్యాహ్నం మేము షెడ్డులో కూర్చున్నాం. మేడం రాలేదు. చాయ్ చల్లారిపోతుంటే నాకు మళ్లీ ఆ చేదబావే కళ్లముందు ఆడింది. తాడు చేసినదాన్ని తాడే చేయాలి కదా. నేను పూడ్చిన మసాలాకు రెండు రోజుల వయసు, ఇంకా పచ్చిదే. దాని కింది రాయికి నెల దాటింది, గట్టిపడింది. తడి ఇసుక పోస్తూ తాడుతో ఒరిపిస్తే మెత్తదే ముందు అరుగుతుంది, గట్టిది నిలబడుతుంది. భాయ్‌కు చెప్పాను. అతను లేచి నిలబడి బూట్లేసుకున్నాడు.

సేఫ్టీ ఆఫీసరు పర్మిట్ కాగితం ముందు పెట్టుకుని, పని పేరు ఏమని రాయాలి అన్నాడు. తాడు లాగడం అన్నాడు భాయ్. బరువెంత? ఏమీ లేదు. ఎక్కడి నుంచి ఎక్కడికి? ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఆ మనిషి కలం పక్కనపెట్టి మా ఇద్దరి ముఖాలు చూశాడు. చివరికి 'ఇతర పనులు' అన్న గడిలో టిక్కు పెట్టాడు.

మర్నాడు తెల్లవారగానే భాయ్ డ్రాయింగు చదివి గాట్లున్న చోట్ల సుద్దతో గుర్తులు పెట్టాడు, మేము మొదలుపెట్టాం. మొద్దు జనపతాడు, రాయికి అటు పదిమంది, ఇటు పదిమంది. ఒకడు డబ్బాతో తడి ఇసుక పోస్తుంటాడు. జగిత్యాల, నిర్మల్ వాళ్లు ఐలెస్సా అంటే బిహారీలు వాళ్ల పాట వాళ్లు, పఠాన్లు వాళ్లది వాళ్లు అందుకున్నారు. గంట గడిచేసరికి మొదటి గాట్లో నల్లటి గీత కనబడింది. నేను పూడ్చింది పిండిలా రాలుతున్నది, అసలు రాయి కింద అట్లాగే ఉంది. అప్పుడు భాయ్ పోయి మేడాన్ని పిలుచుకొచ్చాడు.

ఆమె వచ్చి కొంతసేపు చూసింది. సంతోషపడుతుందనుకున్నాను. కానీ మేము లాగేది తప్పన్నది. చేతులతో లాగితే నాలుగు రోజుల్లో చేతులుండవు. వాళ్లు ఛాతీకి పట్టీ కట్టుకుని, ముందుకు వాలి, ఒంటి బరువుతో నడిచేవాళ్లట. పట్టీలు ఎక్కడ తేవాలి అనుకుంటుండగానే మావాళ్లు ఒంటి మీదున్న సేఫ్టీ బెల్టులకు తాడు తగిలించుకున్నారు. ఆమె ఒకడి నడుము పట్టి ఎంత వాలాలో చూపించింది. ఆ తర్వాత తాను కూడా ఒక బెల్టు అడిగింది. ఇవ్వకూడదు, రూలు. ఇచ్చాం.

సరిగ్గా అప్పుడే ముదీర్ వచ్చాడు. ఆయన చూసింది ఇది: ఒంటినిండా ఇసుక నీళ్లతో ఇరవైమంది మగవాళ్లు, వాళ్ల మధ్య ఒక ముసలావిడ, దేనికీ కట్టని తాడును నేల మీదికి వంగి లాగుతున్నారు. ఏం లాగుతున్నారని అడిగాడు.

"పడవ సార్" అన్నాడు భాయ్.

ముదీర్ తల తిప్పి కాలువ వైపు చూశాడు. అందులో అప్పటికి నీళ్లు కూడా వదల్లేదు.

మూడు రోజుల పనిలో పది గాట్లు తేలాయి. పదకొండోది మొదలుపెట్టి గంట కూడా కాకముందే పన్నెండున్నర అయింది. సాయంత్రానికి ఆ చోటు ఊడ్చి, కడిగి, ఖాళీ చేయాలి. ముదీర్ గడియారం చూపించి ఖలాస్ అన్నాడు. నేను మేడం దగ్గరికి పోయి, ఒకటి సగమే అయింది, మాఫ్ చేయండి అన్నాను. ఆమె ఆ సగం గాట్లో వేలు పెట్టింది. పైపైనే ఉంది, గోరు మునిగేంత.

"ఉండనివ్వండి," అన్నది, "అప్పుడే రైలు వచ్చేసింది."

భాయ్ ఆ మాటను నాకు తెలుగులో చెప్పి, దీనికి నేనేం కలపలేదు అన్నా, అన్నాడు.

మర్నాడు ఓనర్లు వచ్చారు, చూశారు, మేడం సంతకం పెట్టింది. వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా ఆ మూల వైపు చూడలేదు. వారం తర్వాత ముదీర్ నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చాడు. పని తప్పు చేసినందుకు అది. ఇచ్చి, అదే చేత్తో నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ముప్పై ఏళ్లలో నాకు వచ్చిన ఒకే ఒక్క లెటర్ అది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నాను. మెచ్చుకుంటూ ఇచ్చిన సర్టిఫికెట్లు ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

నేను నేర్చుకున్నదేమిటని అడుగుతారు. అనుభవం ఉన్నవాడి చేతికి అన్నీ సరిచేయాలన్న దురద ఉంటుంది. అది పోదు. నాకు ఇప్పటికీ పోలేదు. తాపీ ముంచే ముందు ఒక్కసారి, ఇది ఎవరిది అని అడిగితే చాలు. అడగడానికి సిగ్గుపడేంత పెద్దవాళ్లు ఎవరూ లేరని నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది.

పని మానేసి వచ్చేముందు మా ఆవిడను విజిట్ వీసా మీద పిలిపించుకున్నాను. నేను ఏం చేశానో ఆమె ఎన్నడూ చూడలేదు. టవర్లు చూపిస్తే అన్నీ ఒకటే తీరుగున్నయి అన్నది. ఏటూరు తీసుకుపోయాను. కాలువలో నీళ్లు వచ్చాయి, పడవలు తిరుగుతున్నాయి, జనం ఫొటోలు దిగుతున్నారు. వాలిన ఇళ్లు చూసి నవ్వింది. గాట్ల దగ్గర వేలు పెట్టి చూసి, మన బాయి రాయి లెక్కనే ఉన్నదన్నది. నాకు మూడు రోజులు పట్టిన ఆలోచన ఆమెకు అంతసేపు కూడా పట్టలేదు.

వంతెన దాటాక నీళ్ల అంచున ఒక రేకుల చూరు, దాని కింద వరసగా బండలు ఉంటాయి. ఆ ఊరి ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని బట్టలు ఉతికిన చోటు అది. అదీ మేము కట్టిందే, మేడం చూసి బాగుందన్నదే. మా ఆవిడ బండ దగ్గర ఆగిపోయింది. వంగి, అరచేయి ఆనించి చూసింది. బాటిల్లోని నీళ్లు కొంచెం పోసింది. నీళ్లు కాలువ వైపు పోకుండా తిరిగి ఆమె కాళ్ల మీదికే వచ్చాయి.

"వాలు ఉల్టా ఉన్నది," అన్నది. "ఇక్కడ కూసొని ఉతికితే మురికి నీళ్లన్నీ ఒళ్లెకే వస్తయి. ఇంతమంది ఇంజనీర్లల్ల ఒక్కరన్న బట్ట ఉతికి చూడలేదా? ఎవరు కట్టిండ్రు దీన్ని?"

ముప్పై ఏళ్లు క్యాంపులో నా బట్టలు నేనే ఉతుక్కున్నాను. కానీ బకెట్లో. బకెట్‌కు వాలు ఉండదు.

"వేరే కంపెనీ వాళ్లు" అన్నాను.